అక్షరాలు కనబడే కంప్యూటర్

మా పెద్దమ్మ పాలు కొంటే ముందు మూత తీసి వాసన చూస్తుంది, తర్వాత అమ్మినవాడి మొహం చూస్తుంది. ఇంజెక్షను చేయించుకోవాల్సి వస్తే సీసా తన కళ్ళ ముందే పగలగొట్టమంటుంది. తీగ మీద బట్టలు ఆరేసి, క్లిప్పులు లెక్కపెట్టి లోపలికి వెళ్తుంది. అవి ఎండాక వచ్చి మళ్ళీ లెక్కపెడుతుంది. మా వీధిలో ఆమెని ఎక్స్‌రే అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి. అలాంటి మనిషి అరవయ్యో ఏట రిటైరైన వారానికి నా దగ్గరికొచ్చి, "విమానం నడిపే ఆటకి ఏ కంప్యూటర్ కొనాలే?" అని అడిగితే నాకు అనుమానం రాదా మరి?

నన్నే ఎందుకు అడిగిందంటే, నేను జిరాక్సు షాపులో పనిచేస్తాను. పెద్దమ్మ లెక్కలో దీపం వెలిగే పెట్టెలన్నీ ఒకే జాతి, అన్నీ నాకు తెలిసినవే.

"ఆటలాడే వయసా నీది?" అన్నాను.

"ఆటెవడిక్కావాలి! పైలట్లు కూర్చునే గది అచ్చం అలాగే ఉంటుందట. ప్రతి మీటా కదులుతుందట. ఫోనులో చూశాను. మీ అమ్మ సంగతి తేలాలి."

మా అమ్మ సంగతి అంటే మా ఇంట్లో ఒకటే సంగతి.

పెద్దమ్మ ఇరవై ఆరేళ్ళు విమానాలు తుడిచింది. ఆ పనివాళ్ళకి విమానమంటే మూడు ముక్కలు. ప్రయాణికులు కూర్చునేది పొట్ట. వెనక మరుగుదొడ్లు తోక. పైలట్ల గది ముక్కు. ముక్కు పని అందరికీ ఇవ్వరు. అక్కడ వేళ్ళు కుదురుగా ఉన్నవాళ్ళే తుడవాలి. పెద్దమ్మ ముందు పొడి గుడ్డ, తర్వాత తడి గుడ్డ, ఆఖర్న బొత్తాల చుట్టూ చెవిలో పెట్టుకునే దూది పుల్ల వాడేది. రెండు సీట్ల మధ్య నిలబడి పైకప్పు మీటలు కుడి నుంచి ఎడమకి తుడిచేది, అన్నీ అయ్యాక పైదీపం ఆర్పి బయటికొచ్చేది. ఇన్నేళ్ళలో ఒక్క మీట కూడా తన గుడ్డకి కదల్లేదని గొప్ప. మా అమ్మ ఆమెకి తోడికోడలు. అమ్మని ఆ పనిలో పెట్టించింది కూడా పెద్దమ్మే. కింద వాటాలో వాళ్ళు, మేడ మీద మేము, మధ్యలో ఒకటే మెట్లు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక కొత్త రకం విమానం వచ్చింది. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ దాని ముక్కు తుడిచి, దీపం ఆర్పి బయటికొచ్చింది. తర్వాత అమ్మ లోపలికి వెళ్ళి చెత్త సంచీ తీసుకొచ్చింది. విమానం మర్నాడు పొద్దున దాకా అక్కడే నిలబడి ఉంది. తీరా బయల్దేరబోతే బ్యాటరీ దిగిపోయి ఉంది. ముక్కులో పైదీపం వెలుగుతూనే ఉందట. జనం మూడు గంటలు కూర్చున్నారు. ఆఫీసరు ఇద్దర్నీ పిలిచాడు.

"నేను నా చేత్తో ఆర్పాను. నా తర్వాత లోపలికెళ్ళింది అదే," అంది పెద్దమ్మ.

"నేను సంచీ తప్ప ఏదీ ముట్టుకోలేదు," అంది అమ్మ.

పెద్దమ్మకి ఆ మీటల పక్కనుండే ఇంగ్లీషు అక్షరాలు రావు. అమ్మకి వచ్చు, పదో తరగతి దాకా చదివింది. చదువొచ్చినవాళ్ళకి కదా ఏ మీట ఏంటో తెలిసేది, అన్నాడట ఆఫీసరు. అమ్మ ఉద్యోగం ఊడింది. పెద్దమ్మని ముక్కు నుంచి తప్పించి తోకకి పంపారు. అప్పట్నించీ అమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది, పెద్దమ్మ మొన్నటిదాకా మరుగుదొడ్లు కడిగింది. ఇద్దరి మధ్యా మాటల్లేవు. "మీ అమ్మకి చెప్పు కుళాయి కట్టమని" అని పెద్దమ్మ నాతో అంటుంది, అమ్మ పక్కనే నిలబడి ఉన్నా సరే.

ఇంకో ముక్క కూడా చెప్పాలి, దాచి ఏం లాభం. నాకూ అనుమానం ఉండేది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. "ముక్కు పని నాకిస్తే చదివి మరీ తుడుస్తాను" అని అమ్మ చాలాసార్లు అనడం విన్నాను. పెద్దమ్మని తప్పించి ఆ పని కొట్టేద్దామని అమ్మే దీపం వేసిందేమో అని నాలో ఒక పురుగు. నాన్న ఒక్కసారే అడిగాడు, "నిజం చెప్పు, చెయ్యి తగిలిందా?" అని. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేను అసలే అడగలేదు.

"సంచీ తగిలించే కొక్కెం ఎడమ సీటు వెనకాల, కింద ఉంటుంది," అంది పెద్దమ్మ. "అక్కడ వంగినవాళ్ళ చెయ్యి పైకప్పు దాకా పోతుందా, పోదా? పోతే పొరపాటు. నేనే మెట్లెక్కి వచ్చి మీ అమ్మతో మాట్లాడతాను. పోకపోతే కావాలనే వేసింది. చచ్చేదాకా దాని గడప తొక్కను."

"ఇన్నేళ్ళకిప్పుడు ఎందుకు పెద్దమ్మా!"

"ఇప్పుడే తీరిక దొరికింది."

మొదటి షాపు అంతా అద్దాలే. టై కట్టుకున్న కుర్రాడు, మనిషి కంటే నవ్వు పెద్దది. ఎరుపూ నీలం దీపాలు చుట్టూ తిరుగుతున్న పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాడు.

"మనవడికా మేడమ్?"

"నాకే. ఈ దీపాలెందుకు?"

"గేమింగ్ మేడమ్. స్పీడు..."

"దీపాలకి స్పీడేంటి? తీసెయ్. విమానం చూపించు."

కుర్రాడు తెర మీద విమానం పెట్టాడు. ఏం చెప్పను, అద్భుతం. కింద మబ్బులు, ముందు మీటలు, ఒక్క కుదుపు లేదు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పెద్దమ్మ తెరకి ముక్కు ఆనించి చూసింది.

"ఎడమ సీటు పక్కన కిందకి చూపించు," అంది.

"మేడమ్, ముందు ల్యాండింగ్ చూడండి, అదిరిపోతుంది."

"అదరనీ. సీటు పట్టాల సందులో బిస్కెట్ పొడి ఇరుక్కుంటుంది, అక్కడికి తిప్పు తల."

కుర్రాడు గబగబా మౌసు అటూ ఇటూ కదిపాడు, బొమ్మ మాత్రం తన దారిన తను పోతూనే ఉంది. పెద్దమ్మ మౌసు తీగ పట్టుకుని ఎక్కడికి పోతోందో చూసింది. దాని కొన బల్ల వెనక గాల్లో వేలాడుతోంది.

"ఇది సినిమా. ఎక్కడో తీసింది ఇక్కడ వేస్తున్నాడు. చెవిలో పువ్వు పెడతావా నాకు?" అని షాపంతా వినబడేట్టు అడిగింది. కుర్రాడి మొహం మాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది గానీ, లోపల్లోపల భయం కూడా పట్టుకుంది. ఈవిడ కన్ను ఇంత వాడి అయితే, అమ్మ చేసిందేదైనా ఉంటే దాగదు.

రెండో షాపులో నిజంగానే ఆట నడిచింది. షాపాయన నోట్లో ఏదో నములుతూ అడిగినవన్నీ చూపించాడు. కాకపోతే తల తిప్పమంటే బొమ్మ ఆగి, ఆలోచించి, ఒక్కసారిగా ఎగిరి తిరుగుతోంది.

"తాగినవాడి తలలా ఉందేంటి?" అంది పెద్దమ్మ.

"ఆగండి, సెట్టింగ్స్ తగ్గిస్తా," అని ఆయన ఏవో నాలుగు నొక్కాడు. బొమ్మ నున్నగా తిరిగింది. ఆయన చేతులు దులుపుకున్నాడు. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఇందాక మీటల పక్కన అక్షరాలుండేవి. ఏవీ?"

నేనూ చూశాను. అక్షరాలున్నచోట తెల్లటి మరకలు మిగిలాయి.

"స్పీడు కావాలంటే కొంత వివరం పోతుందమ్మా. గ్రాఫిక్స్ కార్డు చిన్నది కదా. అయినా మీకు ఆ అక్షరాలు చదవడం వచ్చా?"

"నాకు రాకపోతేనేం? పదిహేడేళ్ళు నేను తుడిస్తే చెరగని అక్షరాలు నువ్వు ఒక్క నొక్కుకి తుడిచేశావే!"

ఇక్కడే నేను తప్పు పని చేశాను. మరకలైతే ఏమైంది, ఏదీ తేలదు, పెద్దమ్మ విసిగి ఊరుకుంటుంది, అమ్మ పేరు ఇప్పుడున్నంత మసకగానే ఉండిపోతుంది అనిపించింది. ఇంకా నల్లబడటం కంటే అదే నయం కదా. "ఇది చాల్లే పెద్దమ్మా, దీపాల గోల కూడా లేదు, ఇదే తీసుకుందాం," అన్నాను.

పెద్దమ్మ నావైపు తిరిగింది. పాలు వాసన చూశాక అమ్మినవాణ్ణి చూసే చూపు అది.

"నీకేం తొందర?"

"తొందరేం లేదు."

"మీ అమ్మ ఏమన్నా చెప్పిందా?"

"అమ్మకి అసలు తెలియదు!" అని అరిచాను. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. పెద్దమ్మ షాపులోంచి బయటికి నడిచింది. బస్సులో టికెట్టు మీద తేదీ చూసుకుంటూ కూర్చుంది.

మూడోది షాపు అనడానికి లేదు. మెట్ల కింద ఇరుకు గది, గోడ నిండా విప్పిన పెట్టెలు, నెరిసిన గడ్డంతో రిపేరాయన. ఏ విమానం, ఏం చూడాలి అని ముందు ఆయనే అడిగాడు. పెద్దమ్మ ఆ కొత్త రకం విమానం పేరు చెప్పింది.

"దాన్ని అచ్చుగుద్దినట్టు చేసిన బొమ్మ వేరే దొరుకుతుంది. ప్రతి మీటా పనిచేస్తుంది. కానీ బరువైన బొమ్మ. మీరు పెట్టె అందానికి ఖర్చు పెట్టకండి. గ్రాఫిక్స్ కార్డు పెద్దది వేయిస్తే అక్షరం కనబడుతుంది. ర్యామ్ ముప్పై రెండు జీబీ ఉంటే తల తిప్పినా ఆగదు. పాత రకం డిస్కు వద్దు, ఎస్ఎస్‌డీ వేస్తాను. గాలి ఆడే పెట్టె ఉంటే చాలు, దీపాలు దండగ."

ఈ తిరుగుడు తప్పిందని నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ మాత్రం నన్ను బయటికి లాక్కొచ్చింది.

"ఇంత మంచిగా మాట్లాడుతున్నాడంటే ఏదో ఉంది."

"అయ్యో పెద్దమ్మా, మంచివాళ్ళు ఉండరా?"

"ఉంటారు. వాళ్ళు మెట్ల కింద షాపు ఎందుకు పెడతారు?"

ఆ గదికి నాలుగు రోజులు తిరిగాం. ఆయన పెట్టె కూరుస్తుంటే పెద్దమ్మ స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చునేది. ప్రతి ముక్క మీది నంబరూ నాచేత చదివించి, అట్ట మీద నంబరుతో సరిచూడమనేది. చివరికి ఆట పెట్టించి, పైకప్పు మీటల దగ్గరికి వెళ్ళి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి "ఇది చదువు, ఇది చదువు" అని నన్ను వరసలకి వరసలే చదివించింది. ఒక్కటి కూడా చెదరలేదు. అంతా అయ్యాక సంచీలోంచి ఎర్ర గోళ్ళరంగు తీసి గ్రాఫిక్స్ కార్డు అంచున ఒక చుక్క పెట్టింది.

"రేపు ఇంటికి తెచ్చేలోపు మార్చేస్తాడేమోనని," అంది, ఆయన ముందే. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు ఇంటికి రాగానే పక్క రేకు విప్పించి చుక్క చూసింది. ఉంది. ఇక లోకంలో అంత నిఖార్సైన కంప్యూటర్ లేదని తేల్చింది.

మౌసు అలవాటవడానికి రెండు వారాలు పట్టింది. బాణం పారిపోతుంటే, "దీనికీ నేనంటే భయమేనా" అని తిట్టేది. ఆఖరికి తన పాత పసుప్పచ్చ తుడిచే గుడ్డ మౌసు మీద కప్పి, దాని మీంచి పట్టుకుంది. అప్పుడు చెయ్యి కుదిరింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచింది. "ఆటలో గడియారం రెండు గంటలకి పెట్టు. ఆ రోజు అదే టైము. ఎండ ఉండాలి." పెట్టాను. తలుపు తెరిచే ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడైంది, సగంలో ఆగింది. అమ్మ. పెద్దమ్మకీ వినబడింది. గొంతు పెంచింది.

"ఇదిగో కొక్కెం. ఇక్కడ వంగాలి. ఇప్పుడు పైకి చూడు. మీట ఎక్కడుంది? ఎంత దూరం! చెయ్యి కాదు కదా, చీపురుకట్ట కూడా తగలదు. చూశావా?"

చూశాను. తగలదు. మెట్ల మీద చప్పుడు లేదు.

"నేనేం చేశానో కూడా చూడు. రేపు నన్నెవరూ మాట అనకూడదు," అని సీట్ల మధ్యకి వచ్చింది. కుడి నుంచి ఎడమకి ఒక్కో మీట పక్కనుంచీ గుడ్డ చేతిని జరిపింది, నిజంగా తుడుస్తున్నంత మెల్లగా. చివరికి దీపం మీట. అది పైకి ఉంది. గుడ్డ కింద వేలు నొక్కి కిందికంటా లాగింది. "ఆర్పాను. అంతే. బయటికొచ్చాను."

కిటికీ అద్దాల్లోంచి ఎండ పడుతోంది. దీపం ఆరినట్టే ఉంది. నా కళ్ళు మీట పక్క అక్షరాల మీద పడ్డాయి, ఏరికోరి తెచ్చుకున్న ఆ స్పష్టమైన అక్షరాల మీద. మూడు మాటలున్నాయి. పైన 'ఎక్కువ' అని, మధ్యలో 'ఆపు' అని, కింద 'తక్కువ' అని. షాపులో వరసలకి వరసలు చదివినదాన్ని, ఈ మూడూ కూడా చదివే ఉంటాను. అప్పుడు మీట కదల్లేదు కాబట్టి ఏమీ తట్టలేదు. ఇప్పుడు మళ్ళీ చదివాను. నా చదువు మీద నాకే నమ్మకం లేక గడియారం సాయంత్రానికి జరిపాను. కిటికీలో ఎండ పోయింది. గదిలో మాత్రం పసుపు వెలుతురు సన్నగా మిగిలింది.

"దీపం ఎవరు వేశారు?" అంది పెద్దమ్మ.

"ఎవరూ వెయ్యలేదు."

"నేను ఆర్పాను. నా తర్వాత చెయ్యి పెట్టింది నువ్వే. ఏం నొక్కావ్?"

నాకు ఒళ్ళంతా మంటెత్తింది. అమ్మ గురించి ఆఫీసరు ముందు అన్న మాటే ఇది, మనిషి ఒక్కటే మారింది. "గడియారం తిప్పాను, అంతే! నువ్వే మళ్ళీ చెయ్. నేను గుమ్మం దగ్గర నిలబడతాను," అని చేతులు వెనక్కి కట్టుకున్నాను.

మళ్ళీ చేసింది. మీట పైకి, మీట కిందికి. పెద్ద వెలుగు పోయింది, చిన్న వెలుగు ఉంది. ఇంకోసారి చేసింది. ఇంకోసారి.

"మధ్యలో ఆపు పెద్దమ్మా. మధ్యలో ఉంటేనే ఆరుతుందని రాసుంది."

మధ్యలో ఆపింది. గది చీకటైంది.

"పాతవాటికి పైన, కింద, రెండే ఉండేవి," అంది, ఎవరితోనో. లేచి కంప్యూటర్ పక్క రేకు విప్పింది. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, లోపలికి తొంగి చూసింది. ఎర్రచుక్క అక్కడే ఉంది. రేకు మూసి, మళ్ళీ కూర్చుని, గుమ్మం వైపు చూసింది.

"చెల్లీ," అని పిలిచింది.

తొమ్మిదేళ్ళలో ఆ పిలుపు నేను విన్లేదు. అమ్మ వెంటనే రాలేదు. వచ్చాక గుమ్మం దగ్గరే నిలబడింది, మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు రెండో చేత్తో కప్పుకుని. పెద్దమ్మ మీట పైకి జరిపింది, కిందికి లాగింది, వేలితో వెలుతురు చూపించింది.

"నేనే," అంది.

అమ్మ దగ్గరికొచ్చి ఆ మూడు మాటలూ చదివింది. పెదవులు కదిలాయి. నేనైతే గెంతేస్తుందనుకున్నాను, లేదంటే తిడుతుందనుకున్నాను. అమ్మ మొహంలో భయం కనబడింది.

"కంప్యూటర్ మాటేం నమ్ముతాం అక్కా. ఆ షాపువాడేం అంటగట్టాడో ఏమో. ఇంకో షాపులో చూద్దాం," అంది.

"లేదు. నేను ఏరి తెచ్చిన పెట్టె ఇది. చుక్క కూడా చూశాను. దాని తప్పేం లేదు."

అమ్మ బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. "వేలెడు మీట! దీనికోసం నా మొగుడు కూడా నన్ను అనుమానంగా చూశాడు. నా కూతురు కూడా!" అంది. నేను తల దించుకున్నాను. అమ్మకి తెలియదనుకున్నాను గానీ, తనకి అన్నీ తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ నిలబడే ఏడ్చింది, పెద్దమ్మ కూర్చుని ఏడ్చింది. ఒకరినొకరు ముట్టుకోలేదు.

కాసేపటికి పెద్దమ్మ ముక్కు చీదుకుని, "కాగితం తే. ఆఫీసుకి రాయాలి," అంది.

"ఆ ఆఫీసరు ఎప్పుడో వెళ్ళిపోయాడు కదా," అన్నాను.

"కుర్చీ ఉంది కదా. కుర్చీకి రాయి. దీపం వదిలేసింది నేనే, చెల్లికి ఏ పాపం తెలియదు అని రాయి. ఆఫీసు భాషలోనే రాయి, మళ్ళీ అర్థం కాలేదంటారు."

రాశాను. పైకి చదివి అర్థం కూడా చెప్పాను. పెద్దమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుని, తనకి రాని అక్షరాల్ని వెలుతురులో పెట్టి చూసింది.

"నువ్వు చెప్పింది చెప్పినట్టు రాశావని ఏంటి నమ్మకం? నా మీద జాలిపడి ఏదైనా తగ్గించి ఉంటావ్."

"ఒట్టు పెద్దమ్మా, మొత్తం రాశాను."

వినలేదు. కాగితం అమ్మ వైపు చాపింది.

"నువ్వు చదువు చెల్లీ. నువ్వు చదివితే నమ్ముతాను."

అమ్మ కాగితం అందుకుంది. మొదటి వరసలోనే ఆగింది. పెద్దమ్మ తొందరపెట్టలేదు, గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.